కణ చక్రం గ్రాఫులు చదవడం – 6వ పాఠం: సైక్లిన్ ఎందుకు పడిపోయింది?

పోయిన పాఠం చివర ఒకే ఒక్క గ్రాఫ్ ఇచ్చి, కణ విభజనలో క్రోమోజోములు మధ్య వరసలో నిలిచే మెటాఫేజ్ దశలో, విభజనని నడిపించే సైక్లిన్ బీ అనే ప్రొటీన్ గీత అంత నిట్టనిలువుగా ఎందుకు పడిపోయిందో రెండు వాక్యాల్లో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకటే మాట: దాని జన్యువు ఆగిపోయింది కాబట్టి. కొందరు కణం రెండుగా చీలింది కాబట్టి ప్రొటీన్ సగమైంది అన్నారు. ఇంకొందరు రెండూ కలిపి రాశారు. అసలైతే ఈసారి జీ1 దశ నుంచి డీఎన్ఏ కాపీ అయ్యే ఎస్ దశలోకి దాటే గేటు మొదలుపెట్టాలి, కానీ ఈ సంగతి తేల్చకుండా అక్కడికి వెళ్తే పీ27 అనే ప్రొటీన్ దగ్గర మళ్ళీ ఇదే జవాబు వస్తుంది, జన్యువుల్ని ఆన్ చేసే ఈ2ఎఫ్ దగ్గర ఇంకా గట్టిగా వస్తుంది. అందుకని గేటు ఏడో పాఠానికి జరిపాను. ఈ పాఠమంతా ఆ పడిపోవడం గురించే.

జీ1, ఎస్, జీ2, మైటోసిస్ జరిగే ఎం, ఈ నాలుగు దశలంటే ఏమిటో మళ్ళీ చెప్పను. సైక్లిన్ అతుక్కుంటేనే సీడీకే అనే ఎంజైమ్ పనిచేస్తుందనీ, యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ల గొలుసు తగిలించిన ప్రొటీన్‌ని ప్రోటియజోమ్ ముక్కలు చేస్తుందనీ కూడా చెప్పను, ఇవి బైపీసీలోనూ డిగ్రీలోనూ చూసినవే.

ముందు చిన్న జవాబు సంగతి చూసేద్దాం. కణం చీలితే ప్రొటీన్ సగమవుతుంది, నిజమే. కానీ కణం సైజు కూడా సగమవుతుంది కదా, కాబట్టి గాఢత అంతే ఉంటుంది. పైగా ప్రొటీన్లని బ్యాండ్లుగా చూపే వెస్టర్న్ బ్లాట్‌లో ప్రతి వెల్‌లోనూ ఒకే మొత్తంలో ప్రొటీన్ వేస్తాం, అందువల్ల కణం ఒకటా రెండా అన్నది బ్యాండ్‌లో కనిపించే ఛాన్సే లేదు. ఇంకో సంగతి, గ్రాఫ్ కింద ఉన్న టైము చూడండి: సైక్లిన్ బీ పడటం మొదలైంది మెటాఫేజ్‌లో, కణం చీలింది ఆ తర్వాత. ముందు జరిగినదానికి తర్వాత జరిగింది కారణం ఎలా అవుతుంది? ఈ జవాబు రాసినవాళ్ళు గ్రాఫ్‌లో నిలువు గీత ఒక్కటే చూసి అడ్డ గీత వదిలేశారు. అడ్డ గీతే ముందు చూడాలి, నేనైతే ఏ గ్రాఫ్ వచ్చినా టైము స్కేలు చదివాకే మిగతాది చదువుతాను.

ఇప్పుడు పెద్ద జవాబు. జన్యువు ఆగింది కాబట్టి ప్రొటీన్ పడిపోయింది అనేది వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది, అందుకే దీంతో చిక్కు. డిగ్రీలో ల్యాక్ ఓపెరాన్ దగ్గర్నుంచీ అందరికీ అలవాటైంది ఇదే: జన్యువు ఆన్ అయితే ప్రొటీన్ ఉంటుంది, ఆఫ్ అయితే ఉండదు. ఆ అలవాటు కణ చక్రంలోకి తెచ్చుకుంటే సగం గ్రాఫులు తప్పుగా చదువుతారు. ప్రొటీన్ స్థాయి అంటే ఒక పక్క తయారయ్యేది, ఇంకో పక్క ధ్వంసమయ్యేది, ఈ రెంటికీ మధ్య ఏ క్షణానికి ఎంత మిగిలిందీ అని. తయారీ ఆపినంత మాత్రాన ఉన్నది మాయం కాదు. ఉన్నది పోవాలంటే ఎవరో ఒకరు దాన్ని పోగొట్టాలి.

మాటలతో నమ్మకం కుదరకపోతే లెక్క వేద్దాం. ఒక ప్రొటీన్ హాఫ్ లైఫ్, అంటే సగానికి తగ్గడానికి పట్టే సమయం, 12 గంటలు అనుకోండి, ఇది లెక్క కోసం తీసుకున్న అంకె. జన్యువుని ఆపేశాం, ఎంఆర్ఎన్ఏ మొత్తాన్నీ చెరిపేశాం, రైబోజోములు కూడా ఆగిపోయాయి, కొత్తగా ఒక్క అణువు కూడా రావట్లేదు. నిజం కణంలో ఇంత శుభ్రంగా ఎప్పుడూ ఆగదు, ఉన్న ఎంఆర్ఎన్ఏ ఇంకాసేపు ప్రొటీన్ తయారుచేస్తూనే ఉంటుంది, కానీ మీ జవాబుకి వీలైనంత సాయం చేద్దామని అలా అనుకుందాం. అరగంట తర్వాత ఎంత మిగులుతుంది? 97 శాతం. బ్లాట్ మీద మీ కంటికి ఆ తేడా తెలియదు. అది 5 శాతానికి దిగాలంటే దాదాపు 52 గంటలు పడుతుంది. ల్యాబుల్లో పెంచే హీలా అనే మనిషి కణం ఒక చక్రం తిరిగేదే సుమారు ఒక రోజులో. అంటే జన్యువు ఆపి కూర్చుంటే సైక్లిన్ దిగేలోపు రెండు చక్రాలు గడిచిపోవాలి.

ఇప్పుడు వెనక నుంచి రండి. మీకిచ్చిన గ్రాఫ్‌లో గీత అరగంటలో 100 నుంచి 6కి దిగింది. 100, 50, 25, 12.5, 6.25: నాలుగు సగాలు. అరగంటలో నాలుగు సగాలంటే హాఫ్ లైఫ్ ఏడున్నర నిమిషాలు. ఇది నాకు బాగా ఇష్టమైన షార్ట్‌కట్, క్యాలిక్యులేటర్ అక్కర్లేదు, లాగరిథమ్ అక్కర్లేదు, ఎన్ని సగాలు పట్టాయో వేళ్ళ మీద లెక్కపెట్టి టైముని భాగిస్తే చాలు. గ్రాఫ్ చూడగానే చెయ్యాల్సిన మొదటి పని ఇదే. 12 గంటల హాఫ్ లైఫ్ ఉన్న ప్రొటీన్‌కి ఉన్నట్టుండి ఏడున్నర నిమిషాల హాఫ్ లైఫ్ వచ్చిందంటే జరిగింది ఆఫ్ కాదు, ఆన్: ధ్వంసం చేసే యంత్రం ఆన్ అయింది.

ఇంకొక మెట్టు ఎక్కండి. తయారీ అసలు ఆగనే లేదనుకుందాం, నిమిషానికి 10 అణువుల చొప్పున సాగుతూనే ఉంది. నిలకడ స్థాయి ఎంతో తెలియాలంటే తయారీ రేటుని హాఫ్ లైఫ్‌తో గుణించి 1.44తో గుణించాలి. హాఫ్ లైఫ్ 720 నిమిషాలు అయితే 10 × 720 × 1.44, అంటే పదివేలు దాటి. హాఫ్ లైఫ్ 7.5 నిమిషాలు అయితే 10 × 7.5 × 1.44, అంటే 108. తయారీలో ఒక్క అణువు కూడా తగ్గించకుండానే స్థాయి వందో వంతుకి పడిపోయింది! ఈ ఒక్క లెక్క చేత్తో ఒకసారి వేసుకోండి. చదివి తలూపడం వేరు, వెయ్యడం వేరు.

లెక్క సరే, నిజంగా అలాగే జరుగుతుందని ఎలా తెలుసు? ఇక్కడ కొంచెం నిదానిస్తాను, ఎందుకంటే సైక్లిన్‌ని కనిపెట్టిన ప్రయోగంలోనే ఈ జవాబు ఉంది, చాలామంది దాని కథ చదివి తర్కం వదిలేస్తారు.

1982 వేసవిలో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో టిమ్ హంట్ సీ అర్చిన్ గుడ్లతో పనిచేస్తున్నారు. ఫలదీకరణ చేసిన గుడ్లకి రేడియోధార్మిక మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చి, కొన్ని నిమిషాలకొకసారి నమూనా తీసి, జెల్ మీద నడిపి, ఫిల్ము మీద చూశారు. మిథియోనిన్ మధ్యలో తీసెయ్యలేదు, మొదట్నుంచీ చివరిదాకా ఉంచారు. ఇదే కీలకం. ఆ రేడియోధార్మిక గుర్తు, అంటే లేబుల్, ఆపకుండా ఇస్తున్నప్పుడు కొత్తగా తయారయ్యే ప్రతి ప్రొటీన్ బ్యాండూ టైము గడిచేకొద్దీ నల్లబడుతూ పోవాలి. ఫిల్ము మీద మిగతా బ్యాండ్లన్నీ అలాగే నల్లబడ్డాయి. ఒక్క బ్యాండ్ మాత్రం నల్లబడి, కణం చీలే ముందు పలచబడి, మళ్ళీ నల్లబడి, మళ్ళీ పలచబడింది. అదే సైక్లిన్, 1983లో సెల్ పత్రికలో వచ్చింది.

ఇప్పుడు మీ జవాబుని ఈ ఫిల్ము మీద పెట్టి చూడండి. ఆ ప్రొటీన్ తయారీ ఆగిపోయి ఉంటే ఆ బ్యాండ్ ఏమవ్వాలి? ఎంత నల్లగా ఉందో అంతే నల్లగా అక్కడే ఆగిపోవాలి. అప్పటికే లేబుల్ అయిన అణువులు ఎక్కడికీ పోవు కదా. బ్యాండ్ పలచబడిందంటే లేబుల్ అయిన అణువులే పోయాయి. అంటే ధ్వంసం. వేరే దారి లేదు. తయారీ ఆగితే గీత చదునవుతుంది, ధ్వంసం మొదలైతే గీత దిగుతుంది. ఈ వాక్యం పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకోండి.

అదీగాక సీ అర్చిన్ పిండం మొదటి విభజనలకి జన్యువులతో పనే లేదు. ఆక్టినోమైసిన్ డీ పోసి ఆర్ఎన్ఏ తయారీ ఆపినా ఆ గుడ్డు చీలుతూనే పోతుంది, తల్లి ముందే సర్ది పెట్టిన ఎంఆర్ఎన్ఏతో నడిపించేస్తుంది. అదే ప్రొటీన్ తయారీని ఆపితే చీలడం ఆగిపోతుంది. జన్యువు ఆన్ కాకుండా, ఆఫ్ కాకుండా సైక్లిన్ ఎక్కుతూ దిగుతూ ఉన్న చోట, జన్యువు ఆగింది కాబట్టి దిగింది అని ఎలా అంటాం?

తర్వాత 1989లో ఆండ్రూ ముర్రే, మార్క్ కిర్ష్‌నర్ జెనోపస్ కప్ప గుడ్ల సారంలో ఇంకా దిటవైన పని చేశారు. సారంలో ఉన్న ఎంఆర్ఎన్ఏ మొత్తాన్నీ ఆర్ఎన్‌ఏజ్‌తో నాశనం చేసి, ఆ ఆర్ఎన్‌ఏజ్ పనిని ఆపి, సీ అర్చిన్ సైక్లిన్ బీ ఎంఆర్ఎన్ఏ ఒక్కటే కలిపారు. చక్రం మళ్ళీ తిరిగింది. కొత్తగా తయారవుతున్నది సైక్లిన్ ఒక్కటే, అయినా మైటోసిస్‌లోకి వెళ్ళడం, బయటికి రావడం రెండూ జరిగాయి. ఆ ఎంఆర్ఎన్ఏని ఆన్ ఆఫ్ చేసేవాళ్ళు అక్కడెవరూ లేరు. తర్వాత సైక్లిన్ ముందు కొసలో 90 అమైనో ఆమ్లాలు కత్తిరించిన రకం కలిపితే సారం మైటోసిస్‌లోకి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది, బయటికి రాలేదు. ఆ కత్తిరించిన ముక్కలోనే ధ్వంసానికి గుర్తుగా ఉండే డీ-బాక్స్ ఉంది: ఆర్జినిన్, ఏవో రెండు, ల్యూసిన్. 1991లో మైఖేల్ గ్లాట్జర్‌తో కలిసి వాళ్ళిద్దరే ఆ ముందు కొసని సంబంధం లేని ఒక బ్యాక్టీరియా ప్రొటీన్‌కి అంటిస్తే, అదీ మైటోసిస్ సారంలో ధ్వంసమైపోయింది. యుబిక్విటిన్ తగిలించే ఆ పెద్ద యంత్రం, ఏపీసీ/సీ, 1995లో దొరికింది.

ఇక్కడ ఒకరు మంచి ప్రశ్న వేశారు: సార్, మైటోసిస్‌లో క్రోమోజోములు బిగుసుకుపోయి ట్రాన్‌స్క్రిప్షన్ దాదాపు ఆగిపోతుందని మీరే చెప్పారు కదా, ట్రాన్‌స్లేషన్ కూడా తగ్గుతుందన్నారు, మరి జన్యువు ఆగిందన్న జవాబు ఎలా తప్పు? జన్యువు ఆగడం నిజమే. కారణం అదన్నదే తప్పు. జన్యువులన్నీ ఆగితే ప్రొటీన్లన్నీ పడాలి. అదే బ్లాట్‌లో మైక్రోట్యూబ్యూళ్ళ ప్రొటీన్ టూబ్యులిన్ పడిందా? సీడీకే1 పడిందా? లేదు. సైక్లిన్ బీ, సెక్యూరిన్ అనే ఇంకో ప్రొటీన్ పడ్డాయి, వాటి పక్కనున్నవి పడలేదు. అంతకన్నా బలమైన సాక్ష్యం నోకోడజోల్. ఆ మందు పోస్తే మైక్రోట్యూబ్యూళ్ళు విడిపోయి, క్రోమోజోములన్నీ అతుక్కునేదాకా కణాన్ని ఆపే స్పిండిల్ చెక్‌పాయింట్ పట్టుకుని, కణం గంటల తరబడి మైటోసిస్‌లోనే నిలబడుతుంది. క్రోమోజోములు బిగుసుకునే ఉన్నాయి, ట్రాన్‌స్క్రిప్షన్ ఆగే ఉంది, అయినా సైక్లిన్ బీ బ్యాండ్ దిట్టంగా ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ మెల్లమెల్లగా కరిగి చివరికి కణం జారిపోయి బయటపడుతుంది గానీ, అది గంటల వ్యవహారం. మందు కడిగేస్తే మాత్రం చకచకా పడిపోతుంది. జన్యువు పరిస్థితి రెండు చోట్లా ఒకటే. తేడా అంతా ఏపీసీ/సీకి దాన్ని పనిచేయించే సీడీసీ20 దొరికిందా లేదా అన్నదే: చెక్‌పాయింట్ ఆన్‌లో ఉన్నంతసేపూ మ్యాడ్2, బబ్‌ఆర్1 అనే ప్రొటీన్లు సీడీసీ20ని బిగించి పట్టుకుంటాయి, ఆఖరి కైనెటోకోర్ (క్రోమోజోము మీద స్పిండిల్ పట్టుకునే చోటు) అతుక్కున్నాక వదులుతాయి.

మరి మనిషి కణంలో సైక్లిన్ బీ1 ఎంఆర్ఎన్ఏ జీ2లో పెరుగుతుందని పుస్తకాల్లో ఉంది కదా అంటారు. ఉంది, ఫాక్స్ఎం1 లాంటి ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు పెంచుతాయి. ఎక్కడానికి అది సాయం చేస్తుంది. ఎక్కడానికి కారణం ఒకటి, దిగడానికి కారణం వేరొకటి, రెంటికీ ఒకే స్విచ్ వెతకొద్దు. గైడు పుస్తకాల్లో సైక్లిన్ గీతని రెండు పక్కలా సమానంగా ఉండే గుండ్రటి కొండలా గీస్తారే, ఆ బొమ్మ వల్లే ఈ తిప్పలన్నీ. దాన్ని చూస్తే ఎవరికైనా నెమ్మదిగా ఆన్ అయి నెమ్మదిగా ఆఫ్ అయిన జన్యువు గుర్తొస్తుంది. అసలు గీత రంపపు పన్నులా ఉంటుంది, గంటల తరబడి ఎక్కి, నిమిషాల్లో నిలువునా పడుతుంది. మీ నోట్సులో ఆ గుండ్రటి కొండ ఉంటే కొట్టేసి రంపపు పన్ను గీసుకోండి. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షకి చదువుతున్నవాళ్ళకి మరీ మరీ చెప్తున్నాను, ఇలాంటి ప్రశ్నలో వాలు చూస్తేనే సరైన ఆప్షన్ దొరుకుతుంది, శిఖరం చూస్తే దొరకదు.

అయితే బ్లాట్ మీద ఎప్పుడూ అంత నిలువుగా కనిపించదు, గంటో గంటన్నరో తీసుకుని వాలుగా దిగుతుంది. ఎందుకు? బ్లాట్‌లో ఉన్నది లక్షల కణాల సగటు. పెళ్ళి భోజనాల హాల్లో ప్రతివాళ్ళూ ఒక్క క్షణంలోనే లేస్తారు, కానీ హాలు ఖాళీ కావడానికి అరగంట పడుతుంది, ఎందుకంటే అందరూ ఒకేసారి లేవరు. నోకోడజోల్ నుంచి వదిలిన కణాలు కూడా అంతే, ఒకటి 40 నిమిషాలకి మెటాఫేజ్ దాటితే ఇంకొకటి 70కి దాటుతుంది. దాని అర్థం, బ్లాట్ వాలు నుంచి మీరు లెక్కగట్టిన హాఫ్ లైఫ్ ఒక్కో కణంలోని అసలు హాఫ్ లైఫ్ కన్నా ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు. 1999లో పాల్ క్లూట్, జొనాథన్ పైన్స్ సైక్లిన్ బీ1కి జీఎఫ్‌పీ అనే వెలిగే ప్రొటీన్ తగిలించి ఒక్కో కణాన్ని విడిగా చూశారు. ఆఖరి క్రోమోజోము మధ్య వరసలోకి రాగానే వెలుగు తగ్గడం మొదలైంది. ఏ బ్లాట్ మీదా ఆ క్షణం దొరకదు.

ఇది చదివాక సింగిల్ సెల్ డేటా దొరికితే బ్లాట్ ముట్టుకోవద్దా అంటే, నేనైతే అదే చేస్తాను. ముఖ్యంగా కణం ఏ దశలో ఉందో రంగుతో చూపించే ఫుచీ వీడియోలు. 2008లో జపాన్ రికెన్ సంస్థలో అత్సుషి మియవాకి బృందం తయారుచేసింది. సీడీటీ1 అనే ప్రొటీన్ ముక్కకి నారింజ ఎరుపు, జెమినిన్ అనే ప్రొటీన్ ముక్కకి ఆకుపచ్చ. జీ1లో కేంద్రకం ఎర్రగా, ఎస్, జీ2, ఎంలలో ఆకుపచ్చగా ఉంటుంది. చూడటానికి బాగుంటుందని అందరూ షేర్ చేస్తారు, కానీ అందులో ఉన్న అసలు విషయం మన పాఠమే. ఆ రెండు ముక్కలనీ కణ చక్రంతో సంబంధం లేని, ఎప్పుడూ పనిచేసే ప్రమోటర్ కింద పెట్టారు. తయారీ రెంటికీ రోజంతా సాగుతూనే ఉంటుంది. రంగు మారేది కేవలం ధ్వంసం వల్ల: జీ1లో ఏపీసీ/సీ-సీడీహెచ్1 జెమినిన్‌ని తినేస్తుంది, తర్వాత ఎస్‌సీఎఫ్-ఎస్‌కేపీ2 అనే ఇంకో యుబిక్విటిన్ యంత్రం సీడీటీ1ని తినేస్తుంది. ట్రాన్‌స్క్రిప్షన్‌లో ఏ మార్పూ లేకుండా కణం రంగు పూర్తిగా మారిపోతుంది! జన్యువు జవాబు రాసినవాళ్ళు ఒక ఫుచీ వీడియో చూసి, ప్రతి రంగు మార్పు దగ్గరా ఆపి, ఇప్పుడు ఎవరు ఎవరిని ధ్వంసం చేస్తున్నారు అని మీకు మీరే పైకి చెప్పుకోండి.

ఇక ల్యాబ్‌లో చేతికొచ్చే రెండు మందుల సంగతి. సైక్లోహెక్సిమైడ్ ట్రాన్‌స్లేషన్ ఆపుతుంది, ఎంజీ132 ప్రోటియజోమ్‌ని ఆపుతుంది. గీత దిగడం చూసి కారణం తేల్చాలంటే నేను ముందు ఎంజీ132 ఫలితమే చూస్తాను. మందు పోశాక గీత దిగకపోతే దిగడానికి కారణం ప్రోటియజోమే. బ్లాట్‌ని దగ్గరగా చూడండి: సైక్లిన్ బీ1 అసలు బ్యాండ్ 55 కిలోడాల్టన్ల చుట్టుపక్కల ఉంటుంది, ఏపీసీ/సీ పనిచేస్తుండగా ప్రోటియజోమ్ మాత్రమే ఆగితే, ఆ బ్యాండ్ పైన పొగమంచులాగా ఒక మరక, ఎక్స్‌పోజర్ పెంచితే అందులో మెట్లు కనిపించవచ్చు. ఒక్కో యుబిక్విటిన్ 76 అమైనో ఆమ్లాలు, సుమారు 8.5 కిలోడాల్టన్లు, ఒక్కొక్కటి తగిలేకొద్దీ ఒక మెట్టు పైకి. ఆ మరకని బ్లాట్ పాడైందని కత్తిరించి పడేసేవాళ్ళున్నారు. దయచేసి కత్తిరించకండి, మీరు వెతుకుతున్న సాక్ష్యం అదే.

ఇంకో సంగతి, బ్యాండ్ కనిపించలేదంటే ప్రొటీన్ లేదని కాదు. మైటోసిస్‌లో సీడీసీ27, సీడీసీ25సీ అనే ప్రొటీన్లకి ఫాస్ఫేట్లు తగిలి బ్యాండ్ పైకి జరుగుతుంది. అలవాటైన ఎత్తులోనే చూస్తే పోయినట్టు అనిపిస్తుంది, కొంచెం పైన చూస్తే ఉంటుంది.

సైక్లోహెక్సిమైడ్ హాఫ్ లైఫ్ కొలవడానికి. తయారీ ఆపి, నమూనాలు తీసి, సగానికి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడటం. ఇక్కడ జనం పడే గొయ్యి ఏమిటంటే, ఫలానా ప్రొటీన్ హాఫ్ లైఫ్ ఇంత అని ఒకే అంకె పట్టుకోవడం. సైక్లిన్ బీకి ఒక హాఫ్ లైఫ్ లేదు. జీ2లో ఒకటి, జీ1లో ఒకటి. సింక్రొనైజ్ చెయ్యని కణాల్లో కొలిస్తే అన్ని దశలూ కలిసిన ఒక సగటు వస్తుంది, ఆ సగటు ఏ కణానికీ వర్తించదు. కాబట్టి ఏ పేపర్‌లో హాఫ్ లైఫ్ కనిపించినా, ఏ దశలో కొలిచారు అని అడగండి. రాయలేదంటే ఆ అంకెని ఈ పాఠానికి వాడకండి.

మిగతా ఉదాహరణలు త్వరగా. ఈస్ట్‌లో సిక్1 అనే నిరోధకం జీ1లో సీడీకేని పట్టుకుని ఉంటుంది. జీ1 సైక్లిన్ల సీడీకే దానికి వరసగా ఫాస్ఫేట్లు తగిలించాక ఎస్‌సీఎఫ్-సీడీసీ4 వచ్చి పట్టుకుంటుంది, సిక్1 పోతుంది, డీఎన్ఏ కాపీ మొదలవుతుంది. ఫాస్ఫేట్ చోట్లు తీసేసిన సిక్1 పోదు, ఎస్ దశ మొదలవదు. మనిషి కణంలో పీ27 కథ కూడా ఇదే ధోరణి, అక్కడ ఎస్‌కేపీ2. సైక్లిన్ ఏ అనే ఇంకో సైక్లిన్ సంగతే విచిత్రం, చెక్‌పాయింట్ ఆన్‌లో ఉన్నా లెక్కచెయ్యకుండా, కేంద్రక పొర విడిపోగానే పోవడం మొదలవుతుంది. అదీ ఏపీసీ/సీ-సీడీసీ20 పనే. యంత్రం ఒకటే, సైక్లిన్ బీకి చెక్‌పాయింట్ అడ్డొస్తుంది, సైక్లిన్ ఏకి రాదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కింద కావాలి. సీడీకే1 స్థాయి చక్రమంతా దాదాపు ఒకటే, మారేది దాని పని, వీ1 అనే ఎంజైమ్ ఫాస్ఫేట్ పెట్టి దాన్ని ఆపుతుంది, సీడీసీ25 ఆ ఫాస్ఫేట్ తీస్తుంది. స్థాయి గ్రాఫ్‌లో దాని గురించి ఏమీ తెలియదు, కాబట్టి ఆ గీత చూసి సీడీకే1 పనిచేస్తోందా లేదా అని రాయకండి.

ఇక అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, రెండు వాక్యాల్లో తేలదు, ఒక్కోదానికి అరపేజీ రాయాలి. ఇవి పాఠం కోసం నేను వేసిన అంకెలు. హీలా కణాల్ని నోకోడజోల్‌లో ఉంచి, కడిగి, 0, 30, 60, 90, 120 నిమిషాలకి నమూనాలు తీశారు. సైక్లిన్ బీ1: 100, 98, 60, 15, 5. సెక్యూరిన్ కూడా దాదాపు అవే అంకెలు. సైక్లిన్ ఏ: ఐదు నమూనాల్లోనూ కనీకనిపించనంత. టూబ్యులిన్: ఐదింట్లోనూ సమానం.

మొదటిది, సున్నా నిమిషాల దగ్గరే సైక్లిన్ ఏ లేకుండా సైక్లిన్ బీ1 నిండుగా ఎందుకుంది? రెండోది, 60 నుంచి 90 నిమిషాల మధ్య సైక్లిన్ బీ1 హాఫ్ లైఫ్ లెక్కగట్టి, ఒక్కో కణంలో అసలు హాఫ్ లైఫ్ దానికన్నా ఎక్కువుంటుందా తక్కువుంటుందా చెప్పి, ఎందుకో రాయండి. మూడోది, 30 నిమిషాల దగ్గర ఒక డిష్‌లో సైక్లోహెక్సిమైడ్, ఇంకో డిష్‌లో ఎంజీ132 పోశారు. రెండు డిష్‌లకీ 120 నిమిషాల దాకా సైక్లిన్ బీ1 గీతలు గీయండి, ఎంజీ132 డిష్‌లో కణాలు మైక్రోస్కోపు కింద ఏ దశలో కనిపిస్తాయో రాయండి. సైక్లోహెక్సిమైడ్ గీత దగ్గర చాలామంది తడబడతారు, తయారీ ఆగితే ఏమవుతుందో పైన రాసింది ఇంకోసారి చదివి గీయండి.

నాలుగోది ఓపిక ఉన్నవాళ్ళకి. డీ-బాక్స్ చెడగొట్టిన సైక్లిన్ బీ ఒక కణంలో ఉంది, సెక్యూరిన్ మాత్రం మామూలుగా ధ్వంసమవుతోంది. క్రోమోజోములు విడిపోతాయా? విడిపోతే ఆ తర్వాత కణం ఎక్కడ ఆగుతుంది? ఇది 1993లో ప్రయోగం చేసి తేల్చిన విషయమే, కానీ నెట్‌లో వెతక్కుండా ముందు మీ జవాబు రాయండి. క్రోమోజోముల్ని విడదీసే ఎంజైమ్ సెపరేజ్‌ని ఎవరు పట్టుకుని ఉంటారు, సీడీకే1 పని ఎప్పుడు ఆగాలి, ఈ రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకుంటే దారి దొరుకుతుంది.

జవాబుల్లో "జన్యువు ఆగింది" అని రాయాలనిపిస్తే రాయండి, తప్పేం లేదు, కానీ పక్కనే హాఫ్ లైఫ్ లెక్క వేసి చూపించండి. లెక్క లేకుండా వచ్చిన జవాబుని దిద్దకుండా వెనక్కి పంపుతాను.